చిన్న డౌటు సార్

మన పిల్లలు తరగతిలో ప్రశ్న అడగరు, డౌటు అడుగుతారు. అదీ "చిన్న డౌటు సార్" అంటూ. ఆ "చిన్న" అన్న మాటలో ఎంత బెరుకుందో వినేవాళ్లకు తెలుస్తుంది. మీ టైము తినేస్తున్నానేమో, పక్కవాళ్లు నవ్వుతారేమో, ఇది అందరికీ తెలిసిందేనేమో అన్న భయాలన్నీ అందులోనే ఉంటాయి. పాతికేళ్లుగా ఇంటర్మీడియట్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. ఆ మాట వినబడిన రోజులు తక్కువ. పాఠం చివర "అర్థమైందా?" అంటాం. "అయింది సార్" అని గదంతా ఒక్క గొంతుతో పలుకుతుంది. "డౌట్లేమైనా ఉన్నాయా?" అంటాం. ఎవరూ మాట్లాడరు. బోర్డు తుడిచి బయటికొస్తాం. ఎంతమందికి అర్థమైందో మర్నాటి స్లిప్ టెస్టు చెబుతుంది.

ఈ పిల్లలే మూడేళ్ల వయసులో ఇంట్లోవాళ్లను ఊపిరి తీసుకోనివ్వకుండా అడిగినవాళ్లు. చందమామ మన బస్సుతోపాటే ఎందుకొస్తున్నాడు? చేపకు దాహం వేయదా? దీపం వేస్తే చీకటి ఎక్కడికి పోతుంది? పిల్లల మనస్తత్వాన్ని ఏళ్ల తరబడి పరిశీలించిన హార్వర్డ్ ఆచార్యుడు పాల్ హారిస్ అంచనా ప్రకారం, రెండేళ్లకూ ఐదేళ్లకూ మధ్య ఒక బిడ్డ ఎందుకు, ఎలా అంటూ వివరణ కోరి అడిగే ప్రశ్నలే దాదాపు 40,000. అవి ఊరికే వాగుడు కాదు. 2009లో మిచిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇలాంటి సంభాషణలను జల్లెడ పట్టారు. పెద్దవాళ్లు కారణం చెప్పినప్పుడు పిల్లలు సరేననడమో, దాని మీద ఇంకో ప్రశ్న వేయడమో చేశారు. కారణం లేని జవాబు వచ్చినప్పుడు అదే ప్రశ్న మళ్లీ అడిగారు, లేదంటే తామే ఒక కారణం అల్లుకున్నారు. "అదంతే, ఊరుకో" అన్నది జవాబు కాదని అంత చిన్న బిడ్డకే తెలుసు.

మరి ఆ 40,000 ఎక్కడ ఇంకిపోయాయి? బ్రిటన్‌లో బార్బరా టిజార్డ్, మార్టిన్ హ్యూస్ అనే ఇద్దరు పరిశోధకులు నాలుగేళ్ల వయసున్న 30 మంది ఆడపిల్లల మాటలను ఇంట్లోనూ, నర్సరీ బడిలోనూ రికార్డు చేసి 1984లో పుస్తకంగా తెచ్చారు. ఇంట్లో తల్లి దగ్గర ఉన్నప్పుడు గంటకు సగటున 26 ప్రశ్నలు. అదే పిల్లలు బడిలో గంటకు 2. అవేమీ బెత్తం పట్టుకునే బళ్లు కావు, ఆటపాటల బళ్లే. అయినా అక్కడ అడిగే పని టీచరుది, చెప్పే పని మనది అని నాలుగేళ్లకే పిల్లలు గ్రహించేశారు. మన దగ్గర దీనికి ఇంకో పొర ఉంది. పెద్దల మాటకు ఎందుకని అంటే దానికి మనం పెట్టిన పేరు ఎదురు ప్రశ్న. ఆ పేరులోనే తిరుగుబాటు నేరం మోపేశాం. బయటికి వెళ్లేవాణ్ని "ఎక్కడికి?" అని అడగడమే అపశకునం అనుకునే ఇళ్లలో పెరిగినవాళ్లం. "అడగనిదే అమ్మైనా పెట్టదు" అన్న సామెతా మనదే. దాన్ని అన్నానికి వాడుకున్నంతగా చదువుకు వాడుకోలేదు.

అమెరికాలో మేరీ బడ్ రో అనే సైన్సు విద్యా పరిశోధకురాలు వందల కొద్దీ తరగతి గదుల టేపులు విని 1970లలో ఒక సంగతి బయటపెట్టారు. టీచరు ప్రశ్న వేశాక జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకను. ఆపైన తనే చెప్పేయడమో, ఇంకొకర్ని లేపడమో జరుగుతుంది. దాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, "తెలియదు" అనడం తగ్గింది, అంతవరకూ నోరు విప్పనివాళ్లు మాట్లాడారు, పిల్లలు తమంతట తాము ప్రశ్నలు వేయడం పెరిగింది. అదనంగా పెట్టిన ఖర్చు రెండు సెకన్లు. కానీ సిలబస్ వెనకబడిందన్న దిగులు మోస్తున్న టీచరుకు ఆ రెండు సెకన్లు ఎంత పొడుగో నాకు తెలుసు. మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ నిలబడటం నేను నేర్చుకున్నాను. రెండో అంకె దగ్గర సుద్దముక్క బోర్డు వైపు లాగేస్తుంటుంది.

ప్రశ్నలు ఎన్ని వస్తున్నాయన్న లెక్కతో సరిపోదు. 1994లో ఆర్థర్ గ్రేసర్, నటాలీ పర్సన్ ఇంకో లెక్క తీశారు. తరగతిలో ఒక్కో విద్యార్థి గంటకు అడిగేది 0.11 ప్రశ్న, అంటే తొమ్మిది గంటలకు ఒకటి. ఒక్కరికి ఒక్కరుగా చెప్పే ట్యూషన్‌లో అదే గంటకు 26.5. బ్రిటన్ పిల్లలు అమ్మ దగ్గర అడిగిన 26కి ఇది ఇంత దగ్గరగా రావడం కాకతాళీయమే అయినా, ఎదురుగా కూర్చుని తన కోసమే వినే మనిషి ఉంటే నోరు పెగులుతుందన్న మాట మాత్రం రెండు చోట్లా నిజం. అయితే అదే అధ్యయనంలో ఎక్కువ ప్రశ్నలడిగిన వాళ్లకు ఎక్కువ మార్కులేమీ రాలేదు. ట్యూషన్ కొంత నడిచాక లోతైన ప్రశ్నలు వేయగలిగిన వాళ్లకే మార్కులు పెరిగాయి.

లోతైన ప్రశ్న ఎక్కడి నుంచి వస్తుంది? "ఏం అడగాలో కూడా తెలియట్లేదు సార్" అనే పిల్లలు ఉంటారు. వాళ్ల మాట అక్షరాలా నిజం. నవోమీ మియాకే, డొనాల్డ్ నార్మన్ 1979లో కొందరికి కంప్యూటర్ మీద రాతపని చేసే ప్రోగ్రాము నేర్పుతూ, ఎవరెన్ని ప్రశ్నలడుగుతారో గమనించారు. కొత్తవాళ్లు తేలికైన పాఠానికి ఎక్కువ ప్రశ్నలు వేశారు, కష్టమైన పాఠం ముందు పెడితే మౌనంగా ఉండిపోయారు. కొంత నేర్చుకుని వచ్చినవాళ్లు మాత్రం కష్టమైన పాఠానికే ఎక్కువ అడిగారు. ఏది తెలియదో తెలియాలంటే ముందు కొంత తెలిసి ఉండాలి. ప్రశ్నోపనిషత్తులో పిప్పలాదుడి దగ్గరికి సమిధలు పట్టుకుని వచ్చిన ఆరుగురినీ ఆయన వెంటనే అడగనివ్వడు. ఏడాది ఇక్కడుండండి, ఆ తర్వాత మీ ఇష్టమొచ్చినవి అడగండి అంటాడు. దాన్ని నిష్ఠకు పెట్టిన పరీక్ష అని చెబుతారు. ప్రశ్న పండటానికి ఇచ్చిన గడువుగా కూడా నాకు కనిపిస్తుంది.

తెలియనితనం మన కంటికే ఆనకపోవడం ఇంకో చిక్కు. ఒక కాగితం తీసుకుని సైకిల్ బొమ్మ గీయండి. రెండు చక్రాలు, హ్యాండిల్, సీటు అయిపోయాక, ఫ్రేము కడ్డీలు ఎక్కడ కలుస్తాయో, పెడల్ ఎక్కడుంటుందో, గొలుసు వేటికి చుట్టి ఉంటుందో గీయండి. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో రెబెకా లాసన్ ఇలాంటి పరీక్షే పెట్టి 2006లో ఫలితాలు ప్రచురించారు. రోజూ సైకిల్ చూసేవాళ్లు కూడా తప్పులు చేశారు. మా తరగతిలో చేయిస్తే గొలుసును ముందు చక్రానికీ వెనక చక్రానికీ చుట్టినవాళ్లు ఉన్నారు. ఇంకొందరు రెండు చక్రాల ఇరుసులనూ కలుపుతూ అడ్డంగా ఒక కడ్డీ వేశారు. "సరే, ఇప్పుడు మలుపు తిప్పు" అంటాను. కాసేపు బొమ్మ వంక చూస్తారు. ముందు చక్రం ఆ కడ్డీకి బిగిసిపోయింది, ఇక తిరిగేదెలా? అప్పుడు మొదటి నిజమైన ప్రశ్న వస్తుంది: "మరి ముందు చక్రం దేన్ని పట్టుకుని ఉంది సార్?" పదేళ్లుగా తొక్కుతున్న సైకిల్ గురించి వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న అది. యేల్ విశ్వవిద్యాలయంలో లియోనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కీల్ 2002లో జిప్పు, తాళం, కుట్టుమిషన్ లాంటి వాటి మీద ఇదే చూపించారు. అవి పనిచేసే తీరు మీకెంత తెలుసో మీరే మార్కులు వేసుకోండి అంటే జనం బాగానే వేసుకున్నారు. అంచెలంచెలుగా రాసి చూపించమన్నాక ఆ మార్కులు దిగిపోయాయి. అందుకే "అర్థమైందా?" అన్న మాట వల్ల ఉపయోగం లేదు. అర్థమైందని పిల్లలు అబద్ధమాడటం లేదు, నిజంగానే అలా అనుకుంటున్నారు. "ఏ లైను దాకా వచ్చావు, ఎక్కడ ఆగిపోయావు?" అని అడిగితేనే తెలిసినదాని అంచు కనబడుతుంది.

అంచు కనబడితే మెదడు చేసే పని కూడా మారుతుంది. పూర్వం పొడుపు కథ వేసిన అమ్మమ్మ వెంటనే విప్పేది కాదు. తెల్లారేదాకా ఆలోచించమనేది, విప్పలేకపోతే ఊళ్లు ఇచ్చుకోమనేది. ఆ ఊరింపులో పట్టు ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో మథియాస్ గ్రూబర్, చరణ్ రంగనాథ్ బృందం 2014లో కొందరిని స్కానర్‌లో పడుకోబెట్టి సామాన్య జ్ఞానం ప్రశ్నలు వేసింది. ప్రశ్నకూ జవాబుకూ మధ్య 14 సెకన్ల ఎడం పెట్టి, ఆ ఎడంలో సంబంధం లేని ఒక ముఖం చూపించింది. బాగా కుతూహలం కలిగించిన ప్రశ్నల జవాబులు ఎక్కువ గుర్తుండటం ఎవరైనా ఊహించేదే. కానీ ఆ కుతూహలం ఊపులో ఉన్నప్పుడు కంటపడిన ముఖాలు కూడా ఎక్కువ గుర్తున్నాయి. ఎదురుచూస్తున్న ఆ కొద్ది సెకన్లలో డోపమైన్‌తో నడిచే భాగాలూ, జ్ఞాపకాలను పోగుచేసే హిప్పోక్యాంపస్సూ కలిసి చురుగ్గా పనిచేశాయి. ప్రశ్న తలుపు తెరిస్తే దాని జవాబుతోపాటు చుట్టుపక్కల ఉన్నదీ లోపలికొస్తుందన్నమాట.

ఇక ప్రశ్నను ఎంత చిన్నది చేయాలన్న సంగతి. దీనికి నాకు సి.వి.రామన్‌ను మించిన పాఠం దొరకలేదు. రామన్ చిన్నతనం విశాఖపట్నంలో గడిచింది. తండ్రి ఏ.వి.ఎన్. కాలేజీలో పాఠాలు చెప్పేవారు, రామన్ ఆ ఊళ్లోనే 11 ఏళ్లకు మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు. 1921లో మొదటిసారి ఇంగ్లండ్ వెళ్లి, నర్కుండా అనే ఓడలో తిరిగొస్తూ ఆయన సముద్రాన్ని చూశారు. సముద్రం ఎందుకు నీలంగా ఉంటుంది? ప్రశ్న పెద్దది, జవాబు కూడా అప్పటికే ఉంది. ఆకాశం నీలమే నీళ్లలో ప్రతిఫలిస్తోందని లార్డ్ రేలీ అంతటివాడు చెప్పాడు. ఇలాంటి చోట చాలామంది తలూపి ఊరుకుంటారు. రామన్ ఆ పెద్ద ప్రశ్నను చేతిలో పట్టేంతగా కుదించారు: ప్రతిఫలించే ఆకాశపు వెలుగును అడ్డగిస్తే నీలం పోతుందా, ఉంటుందా?

దాన్ని అడ్డగించే సాధనం ఆయన దగ్గర ఉంది. నీటి ఉపరితలం మీద ఒక ప్రత్యేకమైన వాలులో పడి ప్రతిఫలించిన కాంతి ఒకే తలంలో కంపిస్తుంది. ధ్రువణం పాఠంలో మా పిల్లలు చదివే బ్రూస్టర్ కోణం అదే, నీటికి దాదాపు 53 డిగ్రీలు. ఆ కోణంలో చూస్తూ నికోల్ పట్టకాన్ని తిప్పితే ఒక దగ్గర ఆ ప్రతిఫలన కాంతి ఆరిపోతుంది. రామన్ డెక్ మీద నిలబడి పట్టకంలోంచి చూశారు. ఆకాశపు మెరుపు పోయింది, నీలం మిగిలింది. పైగా ఇంకా చిక్కబడింది. ఓడ బొంబాయి రేవు చేరేసరికి నేచర్ పత్రికకు ఉత్తరం సిద్ధం. నీళ్లు కాంతిని వెదజల్లే తీరు మీద కలకత్తాలో మొదలుపెట్టిన పని ఏడేళ్లు నడిచి, 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితంగా తేలింది. ఆ నీలానికి ఆయన చెప్పిన కారణం పరిక్షేపణం. నీరు ఎరుపు వైపు కాంతిని శోషించుకోవడం అందులో పెద్ద పాత్ర పోషిస్తుందని నేడు మనకు తెలుసు. ఆయన జవాబును తర్వాతి కాలం సరిదిద్దింది. ప్రశ్నను మాత్రం సరిదిద్దాల్సిన అవసరం రాలేదు.

ఇదంతా మహామహుల వ్యవహారం అనుకోనక్కర్లేదు. బోరు మోటారు ఆగిపోయినప్పుడు మెకానిక్‌కి ఫోన్ చేసే రైతును తీసుకోండి. "మోటారు ఆడట్లేదు, ఏమైంటది?" అంటే అవతలివాడు చెప్పగలిగింది "వచ్చి చూడాలి" అన్న ఒక్కమాటే. ఇంకో రైతు ఇలా అంటాడు: "మూడు ఫేజులూ వస్తున్నయ్. బటన్ నొక్కితే స్టార్టర్ పట్టుకుంటోంది, కాసేపటికి ట్రిప్ అవుతోంది. నిన్న సాయంత్రం నుంచి వోల్టేజీ బాగా తక్కువుంది. రిలేనా, లోపల మోటారేనా?" ఇందులో చూసింది ఉంది, చేసి చూసింది ఉంది, ఎప్పట్నుంచన్నది ఉంది, తన ఊహ ఉంది. వోల్టేజీ తగ్గితే అదే బరువు లాగడానికి మోటారు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, కరెంటు హద్దు దాటితే రిలే కట్ చేస్తుంది. ఇసుక చేరి మోటారు బిగుసుకున్నా అదే జరుగుతుంది. కాబట్టి మెకానిక్ తిరిగి ఒక్క మాట అడుగుతాడు: "మొన్న నీళ్లలో ఇసుకేమైనా వచ్చిందా అన్నా?" మంచి ప్రశ్న అవతలివాడి చేత కూడా మంచి ప్రశ్న వేయిస్తుంది. ఈ రైతుకు మోటారు గురించి మొదటి రైతు కంటే ఎక్కువ తెలియకపోవచ్చు. తెలిసినదాన్ని వరసలో పెట్టాడు, అంతే.

తరగతిలో లాగే, తెలియనివాళ్లను సాయం అడగడంలోనూ మనల్ని ముందు ఆపేది భయమే. ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెసా లేక్ 2008లో ఒక ప్రయోగం ప్రచురించారు. ముక్కూమొహం తెలియనివాళ్లను అడిగి 5 ప్రశ్నపత్రాలు నింపించుకురమ్మంటే, సుమారు 20 మందిని అడగాల్సి వస్తుందని పాల్గొన్నవాళ్లు అనుకున్నారు. దాదాపు 10 మందిని అడిగేసరికే పని అయిపోయింది. కాదనే మనుషులు మన ఊహలో ఉన్నంతమంది బయట లేరు. పైగా పనికొచ్చే కబురు తరచు అంతగా దగ్గర కానివాళ్ల నుంచే వస్తుంది. బోస్టన్ పక్కనున్న న్యూటన్‌లో ఉద్యోగాలు మారినవాళ్లను మార్క్ గ్రనోవెటర్ అడిగి చూసి 1973లో రాశాడు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో తరచు కలిసే మనిషి ద్వారా దొరికింది 16.7 శాతానికి మాత్రమే. 55.6 శాతానికి అప్పుడప్పుడూ కలిసేవాళ్ల వల్ల, 27.8 శాతానికి అరుదుగా కలిసేవాళ్ల వల్ల దొరికింది. మన ప్రాణస్నేహితుడికి తెలిసిందల్లా మనకీ తెలుసు. కొత్త కబురు పక్క వీధి నుంచి రావాలి.

డాలస్‌లో ఉన్న నా పాత విద్యార్థి ఒకడు తనకొచ్చే మెసేజ్‌ల గురించి చెప్పాడు. రోజూ వచ్చేవి "అన్నా, మీ కంపెనీలో ఓపెనింగ్స్ ఉంటే రిఫర్ చేస్తారా?" అన్నవే. వాటికి ఏం జవాబివ్వాలో తోచదట. ఒకమ్మాయి మాత్రం ఇలా రాసింది: "అన్నా, మీరు టెస్టింగ్ నుంచి డేటా వైపు మారారని చూశాను. నేను మూడేళ్లుగా టెస్టింగ్‌లో ఉన్నాను, ఎస్‌క్యూఎల్ బాగా వచ్చు, పైథాన్ ఇప్పుడే మొదలుపెట్టాను. మారేటప్పుడు మీ పాత పని అనుభవంలో ఏది ఉపయోగపడింది?" ఆ అమ్మాయితో ఆ వారాంతం అరగంట మాట్లాడానన్నాడు. బోరు మోటారు రైతు చేసిన పనే ఆ అమ్మాయీ చేసింది.

కొత్తవాళ్లను ఊరికే పలకరించడంలో మాత్రం మనకు మొహమాటం లేదు. బస్సెక్కి కూర్చుంటే చాలు, మీదే ఊరండీ, ఏం చేస్తుంటారు, పిల్లలెంతమంది, జీతమెంతొస్తది. ఈ ఆత్మీయత నాకిష్టం. కానీ ఈ వరసలోనే "ఇంటిపేరేంటి?", "మీరేమిట్లు?" అన్నవి వస్తాయి. ఎదుటి మనిషిని ఏ గడిలో పెట్టాలో తేల్చుకోవడానికి వేసే ప్రశ్న అది. జవాబు రాగానే అడిగినవాడికి ఆ మనిషితో పని అయిపోతుంది. దాన్ని ప్రశ్న అనడానికి నాకు మనసొప్పదు.

హార్వర్డ్‌లో కారెన్ హువాంగ్, ఆలిసన్ వుడ్ బ్రూక్స్ తదితరులు 2017లో జనాన్ని జంటలుగా 15 నిమిషాలు మాట్లాడుకోనిచ్చారు. కొందరికి కనీసం 9 ప్రశ్నలైనా వేయమని, కొందరికి 4 దాటవద్దని చెప్పారు. ఎక్కువ అడిగినవాళ్లే ఎదుటివాళ్లకు ఎక్కువ నచ్చారు. ఆ నచ్చడంలో పెద్ద వాటా ఒక రకం ప్రశ్నది: అప్పుడే విన్న మాటను పట్టుకుని వేసే రెండో ప్రశ్నది. మొదటి ప్రశ్న ఇంటి దగ్గర తయారుచేసుకుని రావచ్చు. రెండోది వింటే తప్ప రాదు.

ఒకసారి శ్రీకాకుళం వైపు బస్సులో నా పక్కన కూర్చున్నామె పలాస జీడిపప్పు పరిశ్రమలో పనిచేస్తానంది. కూలెంతిస్తారని అడగబోయి ఆగి, పప్పు విరక్కుండా గింజ ఎలా పగలగొడతారమ్మా అన్నాను. ఆమె నా వైపు తిరిగి కూర్చుంది. ఆవిరికి ఉడికించి ఆరబెడతారట. కాలితో తొక్కే, చేత్తో లాగే కత్తి మిషను ఉంటుందట. గింజను ఏ వాలున పెట్టాలో వేళ్లకే తెలియాలట. రెండు చేతులూ ఎత్తి గాల్లోనే ఒక గింజ కోసి చూపించింది. గుండు పప్పుకో రేటు, బద్దకో రేటు. "తొక్కలో జీడి ఉంటది గదా, చేతికి నూనె రాసుకోకపోతే తోలు ఊడిపోద్ది బాబూ" అంటూ వేళ్ల మీది నల్లటి మచ్చలు చూపించింది. నాకు తెలియకుండానే మూడో ప్రశ్న వచ్చేసింది, నాలుగోదీ. ఆమె దిగాల్సిన స్టేజీ వచ్చేదాకా ఇద్దరం ఆపలేదు. కూలి సంగతి కూడా చివరికి ఆమే చెప్పింది, నేను అడక్కుండానే.

పోయిన ఏడాది అద్దాల పాఠం అయ్యాక, అర్థమైందా అనకుండా, ఎక్కడ ఆగారని అడిగి మనసులో లెక్కపెట్టుకుంటున్నాను. మూడో అంకె దాటింది. చివరి బెంచీలో ఒకమ్మాయి లేచింది. "సార్, అద్దంలో కుడి ఎడమలు మారతాయి గదా. మరి తలా కాళ్లూ ఎందుకు మారవు?" చిన్న డౌటు అనలేదు. గోడకున్న అద్దం తీసి బల్ల మీద నిలబెట్టి, దాని ముందుకు రమ్మన్నాను. కిటికీ వైపు వేలు చూపించమన్నాను. లోపలి అమ్మాయీ కిటికీ వైపే చూపించింది. పైకి చూపిస్తే పైకే చూపించింది. ఇప్పుడు సూటిగా అద్దం వైపు చూపించు అన్నాను. లోపలి వేలు ఎదురొచ్చి ఈ వేలికి తగిలింది. "అయితే కుడి ఎడమలు మారలేదు సార్, ముందూ వెనకా మారినయ్!" అంది. మనమే వెనక్కి తిరిగి అక్కడ నిలబడ్డట్టు ఊహించుకుని కుడి ఎడమలు లెక్కగడతామని, ఆ తిరగడమే మారడంలా కనిపిస్తుందని చెప్పాను. ఆ అమ్మాయి కూర్చోలేదు. అద్దాన్నే చూస్తూ కాసేపు ఆగి, "మరి దీన్ని నేల మీద పడుకోబెడితే, సార్?" అంది.

అద్దం తీసి ఆమె చేతికిచ్చాను.